మాము క్యాషియో

"భాయ్‌జాన్, మీకు ఉర్దూ చదవడం వచ్చు కదా?"

మా మాము కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అన్న మొదటి ముక్క ఇది. సలామ్ కూడా ఆ తర్వాతే. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తర్వాత తెలుగు తీసుకుని డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికల్లో రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఖాందాన్‌లో ఎవరికైనా పాత నికానామా చదివి చెప్పాలన్నా, దాదా కాలం నాటి జమీన్ కాగితంలో ఏముందో తెలియాలన్నా నాకే ఫోన్ వస్తుంది. ఇదీ అలాంటిదే అనుకున్నా.

వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కిరాణా దుకాణాల్లో ఉద్దెర రాసుకునే పొడుగు కాపీ. పేజీ నిండా అంకెలు, అన్నీ ఉర్దూ అంకెలే. మధ్యమధ్యలో మూడేసి ఇంగ్లిష్ అక్షరాలు, బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు. పైన మాము చేతిరాతలో ఒకటే మాట: షహనాయి.

"ఇది హిసాబ్ కాదు భాయ్‌జాన్, ఆవాజ్" అన్నాడు వాడు.

మా మాముది పెగడపల్లి. 1986లో బడే మాము దుబాయ్ నుంచి వస్తూ తెచ్చినవాటిలో కంబళ్లు, టేప్‌రికార్డర్‌తో పాటు ఒక చిన్న కీబోర్డు ఉంది. మా దగ్గర ఏ కంపెనీదైనా సరే దాన్ని క్యాషియో అనే అంటారు. ఇది నిజంగానే క్యాసియో వాళ్లది, సీజెడ్-101. 49 మెట్లు, అవి కూడా పిల్లల వేళ్లకు సరిపోయేంత సన్నవి. చూడ్డానికి ఆటబొమ్మలాగా ఉండేది. నిజానికి అది ఆటబొమ్మ కాదు, లోపల ఆవాజ్‌ను మనమే కొత్తగా తయారు చేసుకోగల సింథసైజర్ అని ఇంట్లో ఎవరికీ తెలీదు. మాముకు తెలిసేసరికి ఏడాది పట్టింది. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, ఆయన చదువు ఉర్దూ మీడియం ఏడో తరగతి. ఒక్కో బటన్ నొక్కి, అంకె మార్చి, ఏమైందో చెవితో పట్టుకుని, కాపీలో రాసుకున్నాడు. డీసీవో, డీసీడబ్ల్యూ, డీసీఏ అనే మూడు గుర్తులు ఆయనకు అక్షరాలు కావు, నిషానీలు.

ఆ మూడింటి సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆ యంత్రం లోపల ఒక అల అంకెల రూపంలో ఉంటుంది. దాన్ని చదువుకుంటూ పోవడమే దాని పని. సబఖ్ అప్పజెప్పే పిల్లాడు ఒక వాక్యంలో సగం గబగబా, మిగతా సగం నెమ్మదిగా చదివాడనుకోండి. వాక్యం అదే, పట్టిన సమయం అదే, కానీ వినడానికి వేరే. క్యాసియో వాళ్లు చేసింది అంతే. చదివే నడకను ఒంచితే మెత్తటి ఆవాజ్ కాస్తా గరుకెక్కుతుంది. ఎంత ఒంచాలో డీసీడబ్ల్యూ చెబుతుంది. సురం ఎత్తు డీసీవోది, గొంతు పెద్దదా చిన్నదా అన్నది డీసీఏది. ఒక్కోదానికి ఎనిమిది మెట్లు, ఒక్కో మెట్టుకు వేగం ఒక అంకె, ఎత్తు ఒక అంకె. ఇలాంటి వరసలు రెండు కలిపితే ఒక ఆవాజ్. లెక్క వేసుకోండి, ఒక షహనాయికి దాదాపు వంద అంకెలు.

మాము ఆ వంద అంకెలనూ పట్టుకున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పెళ్లిళ్లలో ఒక ఆర్కెస్ట్రా పార్టీతో తిరిగేవాడు. శివ, గీతాంజలి పాటలు, రాజ్-కోటి పాటలు జనం అడిగేవాళ్లు. మద్రాసు స్టూడియోల్లో యమహా డీఎక్స్7, రోలాండ్ డీ-50 లాంటి వాటి మీద వాయించిన ముక్కలను మా మాము ఈ చిన్న డబ్బాలో దగ్గర దగ్గరగా తెచ్చేవాడు. అందులో రెండు వరసలు కలిపిన ఆవాజ్ అయితే ఒకేసారి నాలుగు మెట్లే పలుకుతాయి. ఐదోది నొక్కితే మొదటిది ఆగిపోతుంది. ఆ నాలుగింటితోనే మొత్తం ఆర్కెస్ట్రా. 1992లో రోజా వచ్చినప్పుడు, ఆ రహమాన్ అంతకుముందు రాజ్-కోటి దగ్గర కూడా కీబోర్డు వాయించాడని ఎవరో చెబితే మాము వారం రోజులు ఆ ముచ్చటే చెప్పాడు, తనే నేర్పినట్టు.

సినిమా పాటలు ఎలా ఉన్నా, మాముకు పేరు తెచ్చింది షహనాయి. హిందువుల ఇళ్లలో తాళి కట్టే వేళ అదే ఆవాజ్‌ను సన్నాయి అనేవాళ్లు. మన ఇళ్లలో రుఖ్సతీ వేళ షహనాయి అనేవాళ్లు. అంకెలు మాత్రం అవే. అసలు సన్నాయి వాళ్లకు దీనివల్ల కొంత దెబ్బ తగిలిందని మాము తర్వాత రోజుల్లో తానే అనేవాడు. బిస్మిల్లా ఖాన్ సాహెబ్ 1947లో ఎర్రకోటలో వాయించిన వాద్యానికి నకల్ చేసి, దాన్ని ఆరు సెల్లుల మీద నడిపించడమేమిటని ఒక ముసలి సన్నాయి ఆయన మొహం మీదే అడిగాడట.

సెల్లులు అన్నాను కదా. అవి టార్చిలైట్‌లో వేసే పెద్ద సెల్లులు. పల్లెల్లో కరెంటు నమ్మకం లేదు కాబట్టి మాముకు ఆ సౌకర్యం బాగుండేది. కానీ ఆ మెషీన్‌లో ఒక మెలిక ఉంది. మనం తయారు చేసుకున్న ఆవాజ్‌లు దాచుకునే పదహారు జాగాలకు యాద్‌దాష్త్ కూడా ఆ సెల్లుల మీదే. సెల్లులు అయిపోతే యాదే అయిపోతుంది. అందుకే మాము అడాప్టర్ పెట్టి ఉంచి మరీ సెల్లులు మార్చేవాడు. పక్కన ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదు, వైరు తన్నేస్తారని.

2001లో జమాత్‌తో చిల్లాకు వెళ్లొచ్చాక మాము బాజా మానేశాడు. సంగీతం జాయజా నాజాయజా అన్న బహెస్ ఇక్కడ విప్పను. ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ దాని మీద ఒకసారైనా దస్తర్‌ఖాన్ చల్లారిపోయే ఉంటుంది. నాకు యాదున్నది వేరే. అమ్మేస్తే నాలుగు వేలు వస్తాయి కదా అని ముమానీ అంటే మాము ఒప్పుకోలేదు. "నేను వద్దనుకున్నదాన్ని పైసలు తీసుకుని ఇంకొకరి మెడకు కట్టాలా?" అన్నాడు. పగలగొట్టడానికీ చేతులు రాలేదు. బట్టలో చుట్టి సందూక్‌లో పెట్టాడు. సెల్లులు తియ్యడం మరిచిపోయాడు. అవి లోపలే చీమిడి కారి, స్ప్రింగులు ఆకుపచ్చగా తుప్పుపట్టి, షహనాయి ఏ రోజు పోయిందో ఎవరికీ తెలియకుండా పోయింది.

మాము కొడుకు హైదరాబాద్‌లో ప్రకటనలకు, చిన్న సినిమాలకు మ్యూజిక్ చేస్తాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ గట్టిగా అనరు. "కంప్యూటర్ పని" అంటారు. వాడికి ఏడాది కిందట మా ఆపా దగ్గర ఒక క్యాసెట్ దొరికింది. 1993లో ఆపా షాదీ, జగిత్యాలలో మా ఇంటి నుంచి రుఖ్సతీ. బరాత్ కోరుట్ల నుంచి వచ్చింది. భాంజీ రుఖ్సతీకి మాము తానే వాయించాడు. ఎవరో టేప్‌రికార్డర్ ఆన్ చేసి పెట్టారు. వాడు అది విని, ఆ షహనాయిని తన ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుంటానని పట్టుబట్టాడు.

దీనికి ఇప్పుడు ఒక పద్ధతి ఉంది, సాంప్లింగ్. పాత వాద్యంలో ఒక్కో సురాన్ని విడిగా రికార్డు చేసి, కాంటాక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మెట్టు మెట్టుకూ కట్టేస్తారు. అప్పుడు ఏ మామూలు కీబోర్డు నొక్కినా పాత ఆవాజ్ పలుకుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1987లో వచ్చిన డీ-50లోనే సురం మొదట్లో వచ్చే చిన్న తునకను రికార్డు చేసి పెట్టి, మిగతాది యంత్రంతో పలికించారు. అప్పట్లో మెమొరీ బంగారం ధర. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 పూర్తిగా సాంపిళ్ల మీదే నడిచింది. పియానో నుంచి డ్రమ్ముల దాకా మొత్తం సామాను 4 మెగాబైట్లలో కుక్కారు.

వాడు ముందు క్యాసెట్ నుంచే సురాలు కోసి చూశాడు. టేపు ఒక చోట వేగంగా, ఒక చోట నెమ్మదిగా తిరుగుతుంది. వెనక జనరేటర్ మోత. పైగా మాము ఆపిన సురంలో కంపం ఉంది. కంపం ఉన్న సురాన్ని పై మెట్టుకు లాగితే ఎత్తుతో పాటు కంపం కూడా వేగం అందుకుంటుంది, కింది మెట్టుకు దించితే నిద్రపోతుంది. ఒకే షహనాయి పైన మేకపిల్లలా, కింద ముసలాయనలా పలికింది.

ఆ ముక్కలు నాకు పంపి, "నాయిస్ మొత్తం తీసేశాను భాయ్‌జాన్, ఎలా ఉంది?" అన్నాడు. విన్నాను. జనరేటర్ పోయింది. దానితో పాటు ఆ చివర్లో ఒక ఏడుపు ఉండేది, అదీ పోయింది. అది మా అమ్మీది. అమ్మీ పోయి తొమ్మిదేళ్లు. వాడి తప్పేం లేదు, ఆ గొంతు వాడికి తెలీదు. అసలు క్యాసెట్ జాగ్రత్తగా పెట్టమని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రోజు ఇంకేం రాయలేకపోయాను.

నెట్‌లో సీజెడ్-101 సాంపిళ్లు బోలెడు దొరుకుతాయి. ఆ యంత్రాన్నే సాఫ్ట్‌వేర్‌గా కట్టి అమ్ముతున్నవాళ్లూ ఉన్నారు. అన్నీ తెచ్చుకుని చూశాడు. అందులో ఉన్నవి కంపెనీ వాళ్లు పెట్టిన ఆవాజ్‌లు, లేకపోతే ఏ జర్మనీవాడో తయారు చేసుకున్నవి. పెగడపల్లిలో కూర్చుని మాము చేసుకున్నది అందులో ఎలా ఉంటుంది? అప్పుడే వాడికి కాపీ గుర్తొచ్చింది. ఆవాజ్‌కు కాగితం ఉంది. కానీ ఆ కాగితం ఉర్దూలో ఉంది, వాడు ఇంగ్లిష్ మీడియం.

ఒక జుమా రోజు ఇద్దరం పెగడపల్లి వెళ్లాం. జగిత్యాలలో ఒక మెకానిక్ అప్పటికే స్ప్రింగులు గీకి, కొత్త తీగలు అతికించి ఇచ్చాడు. కొత్త సెల్లులు ఆరు వేస్తే తెర మీద అక్షరాలు వెలిగాయి. మాము తఖ్త్ మీద కూర్చుని చూస్తున్నాడు. ముట్టనని ముందే చెప్పాడు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు. తస్బీ చేతిలో ఉంది, చెవి మా వైపు ఉంది.

నేను చదువుతుంటే వాడు నొక్కాడు. అంకెలే కదా అనుకున్నా గానీ అంత సులువు కాలేదు. ఉర్దూలో ఏడు ఇంగ్లిష్ వీ అక్షరంలా ఉంటుంది, ఎనిమిది దాన్ని తిరగేసినట్టు ఉంటుంది. నేను ఒక పక్కన, వాడు ఎదురుగా కూర్చుని ఒకే కాపీలోకి చూస్తున్నాం. నేను సాత్ అన్నది వాడి కళ్లకు ఆఠ్. రెండుసార్లు గొడవ పడ్డాం. ఇక సిఫర్ ఉర్దూలో ఒట్టి చుక్క. పెళ్లి పందిళ్లలో తిరిగిన కాపీ అది. దాని మీద చుక్కలకేం కరువు! రెండు గంటలు పట్టింది. చివరికి వాడు ఒక మెట్టు నొక్కాడు.

వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ముక్కు గొంతు, అదే మొదట్లో చిన్న ఎక్కిలి. లోపల నుంచి ముమానీ చేతిపిండితోనే బయటికి వచ్చి నిలబడింది. మాము తస్బీ ఆగింది.

తర్వాత రికార్డింగ్. అడాప్టర్ పెడితే సన్నటి గుంయ్‌మనే మోత వస్తోందని సెల్లుల మీదే నడిపాడు. వైరు నేరుగా ల్యాప్‌టాప్‌లోకే కాబట్టి బయట మేకలు అరిచినా, ట్రాక్టర్ పోయినా రికార్డు కాదు. అయినా అసర్ అజాన్ వినిపించగానే మాము చెయ్యెత్తాడు. వాడు ఆపాడు. అది మైకు భయం కాదు, అదబ్.

మూడు మెట్లకు ఒకటి చొప్పున పదిహేడు సురాలు, ఒక్కోటి 12 సెకన్లు. కంపం మాత్రం ఆపేసి తీశాడు. దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే పైనా కిందా ఒకే వేగంతో ఉంటుందట, క్యాసెట్ దగ్గర నేర్చుకున్న సబఖ్. అన్నీ కలిపితే 27 మెగాబైట్లు అయింది. ఎం1లో మొత్తం ఆర్కెస్ట్రా ఉన్న జాగాకు దాదాపు ఏడింతలు, ఒక్క మాము షహనాయికే.

వాడిని సతాయించింది లూప్. పన్నెండు సెకన్ల సురాన్ని రుఖ్సతీ అంతసేపు సాగదియ్యాలంటే మధ్యలో ఒక ముక్కను కోసి, అదే తిరిగి తిరిగి వచ్చేట్టు చెయ్యాలి. మాము ఆవాజ్‌లో ఉన్న రెండు వరసలు ఒకే ఎత్తులో లేవు. ఒకటి రెండోదానికంటే వెంట్రుకవాసి పైన ఉంటుంది. ఆ తేడా వల్ల సురం పెరుగుతూ తగ్గుతూ అలలా ఊగుతుంది. ఆ అల పూర్తయ్యే చోట కొయ్యకపోతే ప్రతి చుట్టుకూ గుంతలో పడ్డ ఆటోలా ఎగురుతుంది. పైగా ఒక్కో మెట్టుకు ఆ అల వేగం వేరు, పైకి పోయేకొద్దీ ఎక్కువ. పదిహేడు సురాలకూ చేత్తో కోత వేసుకుంటూ ఇషా దాకా కూర్చున్నాడు.

అంతా అయ్యాక ల్యాప్‌టాప్‌కు తన కీబోర్డు తగిలించి, రెండు చేతులతో ఆరు మెట్లు కలిపి వాయించాడు. గది నిండిపోయింది. మాము మొదటిసారి నోరు విప్పాడు.

"ఆ డబ్బాలో నాలుగే."

"తెలుసు అబ్బా, ఇందులో ఎన్నైనా పలుకుతాయి."

"పలుకుతాయి. ఒక్కటి వాయించు."

వాడు ఒక్క సురం పట్టాడు. మాము కళ్లు మూసుకుని విన్నాడు. "గొంతు నాదే. వణుకు ఎక్కువైంది. మనిషి ఊపిరి పీల్చినట్టు ఉండాలి, చలిజ్వరం వచ్చినట్టు కాదు" అన్నాడు.

కంపం తగ్గించి వినిపించాడు. పూర్తిగా తీసేసి వినిపించాడు. మాము తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి లేచి నమాజ్‌కు పోయాడు. తిరుగు ప్రయాణంలో వాడు నాతో అన్నాడు, "అబ్బా చెవులు పాతబడ్డాయి భాయ్‌జాన్. క్యాసెట్‌లో విన్నదే యాదుంది." నాకూ అలాగే అనిపించింది. ఆ వయసులో యాద్‌ను నమ్మొచ్చా? క్యాసెట్‌లోనే టేపు ఊగుతుంటే ఏ వణుకు ఎవరిదో ఎలా చెప్పగలం?

నెల రోజులకు పని మీద జగిత్యాల వచ్చి, అటునుంచి పెగడపల్లి వెళ్లాను. ఆ కాపీ మళ్లీ ఎవరు చదవాలి, నేనెన్నాళ్లు ఉంటాను అనిపించి, ఒక కొత్త నోట్‌బుక్ కొనుక్కుపోయాను. షహనాయి పేజీని మామూలు అంకెల్లో, పక్కన తెలుగులో ఏది ఏమిటో రాస్తూ ఎత్తాను. మాము పాత కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన కూర్చుని, ఒక్కో అంకెకూ హూఁ అంటున్నాడు. డీట్యూన్ అనే చోటికి వచ్చాను. రెండు వరసల మధ్య తేడా ఎంతో రాసే జాగా. నిలువు గీత, పక్కన చుక్క.

"దస్" అన్నాను.

మాము హూఁ అనలేదు. కాపీ నా చేతిలోంచి తీసుకుని పేజీ తిప్పాడు. వెనక వైపు సరిగ్గా అదే చోట, మట్టిరంగులో ఇంకో చుక్క.

"సిరా వెనక్కి ఇట్లా దిగదు బేటే. ఇది చాయ్. ఏక్."

పది కాదు, ఒకటి. అల పది రెట్లు నెమ్మది. అంటే ఆ రోజు తీసిన పదిహేడు సురాలూ, వేసిన కోతలూ అన్నీ పనికిరానివే. అంత నెమ్మది అల పూర్తిగా దొరకాలంటే 12 సెకన్లు కింది మెట్లకు చాలవు కూడా. అక్కడి నుంచే మాము కొడుక్కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"ఆదివారం వస్తా. అబ్బాను సెల్లులు మాత్రం తియ్యొద్దని చెప్పండి" అన్నాడు.

"ఎప్పుడో తీసిన. మూడు టార్చిలో ఉన్నయి" అన్నాడు మాము. "కాగితం ఉంది కదా, మళ్లీ ఎక్కించుకుంటారు." నోట్‌బుక్‌లో నేను పది అని రాసిన చోట వేలు పెట్టి, దిద్దేదాకా తియ్యలేదు.